పైస్థాయి జీతాలకు కళ్లెం ఉందా?

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. అమ్మ పదేళ్లుగా రొయ్యల ప్లాంటులో రొయ్యలు ఒలుస్తోంది. ఐసు నీళ్లకు వేళ్లు మొద్దుబారిపోయాయి. కూలి పెంచలేమన్న యాజమాన్యమే పెద్ద అధికారి జీతం రెట్టింపు చేసిందట. విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీ డైరెక్టర్లు, మేనేజర్లకిచ్చే జీతాల మొత్తం, కంపెనీ నికర లాభంలో 11 శాతం దాటకూడదు. కానీ వాటాదారులు తీర్మానిస్తే దాటవచ్చు! అదేం పరిమితి? స్విట్జర్లాండులోనైతే కంపెనీలో అత్యధిక జీతం అత్యల్ప జీతానికి 12 రెట్లు దాటకూడదన్న పరిమితిని 2013లో ఓటర్లే తిరస్కరించారు, నాకది బాధ కలిగించింది. కనీస వేతనం నిర్ణయించే ప్రభుత్వం గరిష్ఠం ఎందుకు నిర్ణయించకూడదు?

చట్టం తెలిసినవారు దయచేసి చెప్పండి: లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీలు డైరెక్టర్ల జీతం ఉద్యోగుల మధ్యస్థ జీతానికి (జీతాలను వరుసగా పేరిస్తే నడిమధ్యన ఉండేదానికి) ఎన్ని రెట్లో వెల్లడించాలి కదా, ప్రైవేట్ కంపెనీ లెక్కలు కార్మికులు ఎలా తెలుసుకోవాలి? ఎవరిని అడగాలి?