అమ్మాయి సొరోరిటీ రష్‌కి వెళ్తానంటోంది, పంపాలా వద్దా?

ఫ్రిస్కో నాన్న
మా అమ్మాయికి అలబామా యూనివర్సిటీలో సీటొచ్చింది, స్కాలర్‌షిప్ కూడా బాగానే ఇచ్చారు, అంతవరకు సంతోషం. ఇప్పుడు క్లాసులు మొదలవకముందే ఆగస్టులో వెళ్లి సొరోరిటీ రష్‌లో, అంటే కాలేజీ అమ్మాయిల సంఘాల్లో చేరడానికి జరిగే ఎంపిక తంతులో, పాల్గొంటానంటోంది. 2021లో టిక్‌టాక్ నిండా ‘బామా రష్’ వీడియోలు తిరిగాయి చూడండి, అప్పటినుంచీ తలకెక్కింది. ఫోన్ ఎత్తితే పీఎన్‌ఎమ్, ప్రెఫ్, బిడ్ డే అంటూ ఏదో భాష, నాకు సగం అర్థం కాదు. వాళ్లమ్మ కూడా దాని వైపే చేరి ఏ రోజు ఏ డ్రెస్సో ఎక్సెల్‌లో రాస్తోంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఇది డబ్బు కట్టి స్నేహితుల్ని కొనుక్కోవడం. కాదంటారా? లోపలి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి.

మాజీ రో గామా
అంకుల్, నేను దక్షిణాది రాష్ట్రాల్లోనే ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో సొరోరిటీలో ఉన్నాను, ఒక ఏడాది రో గామాగా కూడా చేశాను. రో గామా అంటే రష్‌కి వచ్చే అమ్మాయిల గ్రూపుని చూసుకునే సీనియర్. ఆ వారమంతా మనది ఏ ఇల్లో, అంటే ఏ సొరోరిటీయో, వాళ్లకి తెలియకూడదు, మన సొరోరిటీ గ్రీకు అక్షరాలున్న టీషర్టు వేసుకోకూడదు, ఇన్‌స్టాలో పాత ఫొటోలు కూడా దాచేయాలి. పీఎన్‌ఎమ్ అంటే ఇంకా చేరని, చేరే అవకాశమున్న అమ్మాయి. మొదటి రౌండ్‌లో దాదాపు అన్ని ఇళ్లూ తిరుగుతారు, తలుపు తీయగానే గుమ్మం నిండా అమ్మాయిలు ఒకరిమీద ఒకరు పేర్చినట్టు నిలబడి అరుస్తూ పాడతారు (చెవులు గింగిరాలెత్తుతాయి, అది నిజం). తర్వాత సేవా కార్యక్రమాల రౌండ్, సిస్టర్‌హుడ్ రౌండ్, చివర ప్రెఫరెన్స్, అదే ప్రెఫ్. ప్రతి రౌండ్ తర్వాత అమ్మాయి ఇళ్లకి ర్యాంకులిస్తుంది, ఇళ్లు తమకి కావలసినవాళ్ల జాబితా ఇస్తాయి, రెండిటినీ కంప్యూటర్ కలుపుతుంది. ప్రెఫ్‌కి వచ్చేసరికి మామూలుగా రెండిళ్లు మిగులుతాయి. అక్కడ కొవ్వొత్తులు, ఏడుపులు, కొంచెం ఓవరే. కానీ డబ్బుంటే బిడ్, అంటే మా ఇంట్లో చేరమనే పిలుపు, వచ్చేస్తుందనుకోవడం తప్పు. ముప్ఫై వేలకు పైగా పిల్లలున్న క్యాంపస్‌లో ఒంట్లో బాగోలేనప్పుడు సూప్ తెచ్చిచ్చింది నా రూమ్మేట్ కాదు, నా ‘బిగ్’, అంటే సొరోరిటీలో నాకు అక్కలా ఉండే సీనియర్.

కూకట్‌పల్లి టు కొలంబస్
డబ్బున్నంత మాత్రాన రాదు సరే చెల్లెమ్మా, లేకపోతే అసలే రాదు కదా. నువ్వు చెప్పిందంతా చదివితే నాకు పెళ్లిచూపులే కనిపించాయి. రోజుకి ఇన్నిళ్లలో నవ్వుతూ కూర్చోవాలి, కబురు చేస్తామంటారు, ఎందుకు వద్దన్నారో జన్మలో చెప్పరు. ఆ తంతు నుంచి ఆడపిల్లల్ని తప్పించాలని ఇంతదూరం వచ్చి, ఇక్కడ ఫీజు కట్టి మరీ కూర్చోబెడతామా?

నాన్నగారూ, అదే అలబామాలో 2013 సెప్టెంబరులో ఏం జరిగిందో చూడండి. విద్యార్థుల పత్రిక ది క్రిమ్సన్ వైట్ రాసింది. అన్ని అర్హతలూ ఉన్న నల్లజాతి అమ్మాయిని తీసుకుందామని లోపలి పిల్లలే అంటే, పాత సభ్యులు, అంటే ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయిన పెద్దావిడలు, అడ్డం పడ్డారని ఆ పిల్లలే నోరు విప్పారు. దేశమంతా గొడవయ్యి, యూనివర్సిటీ కల్పించుకుని బిడ్లు ఇవ్వడానికి మళ్లీ తలుపులు తెరిపించాకగానీ కొందరు నల్లజాతి అమ్మాయిలు చేరలేకపోయారు. నల్లజాతి విద్యార్థుల్ని ఆపడానికి గవర్నర్ వాలస్ ఆ యూనివర్సిటీ గుమ్మంలో నిలబడింది 1963లో. లెక్కేసుకోండి.

మాజీ రో గామా
2013 సంగతి ఎవరూ దాచట్లేదన్నా, అది సిగ్గుపడాల్సిందే. కానీ పెళ్లిచూపులంటే ఒప్పుకోను. అక్కడ పిల్ల తల దించుకుని కూర్చుంటుంది, ఇక్కడ నచ్చని ఇంటిని పిల్ల కూడా కొట్టేస్తుంది. ‘టాప్ హౌస్’ అని పేరున్న ఇంటిని అడుక్కి నెట్టిన అమ్మాయిల్ని చూశా. మాట్లాడటానికీ నియమాలుంటాయి: అబ్బాయిలు, మందు, మతం, రాజకీయాలు, డబ్బు, ఈ ఐదూ ఎత్తకూడదు. ‘మా ఇంట్లో నీకు బిడ్ ఖాయం’ అని ముందే చెవిలో ఊదితే దాన్ని డర్టీ రషింగ్ అంటారు, పట్టుబడితే ఆ ఇంటిమీద చర్య ఉంటుంది.

చార్లెట్ పిన్ని
నియమాలు కాగితం మీద బాగానే ఉంటాయమ్మా. మా అమ్మాయి వేరే యూనివర్సిటీలో రష్‌కి వెళ్లింది, పేరు వద్దులే. మంచి గ్రేడ్లు, హాస్పిటల్లో వాలంటీరు, కలుపుగోలు పిల్ల. రెండో రౌండ్‌కే చాలా ఇళ్లు డ్రాప్ చేశాయి, చివరికి తనే మానేసి వచ్చేసింది. ‘ట్రస్ట్ ద ప్రాసెస్’ అంటారందరూ, ఆ ప్రాసెస్‌లో ఏం జరుగుతుందో మాత్రం చెప్పరు. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, ముందు సంవత్సరం నుంచే తల్లులు పాత సభ్యులతో సిఫార్సు ఉత్తరాలు రాయిస్తారట, వాటిని ‘రెక్’ అంటారు. ఇప్పుడు చాలా సంస్థలు తప్పనిసరి కాదంటున్నాయిగానీ ఆ పరిచయాలు ఎక్కడికి పోతాయి? తల్లో అక్కో అదే ఇంట్లో ఉండి ఉంటే ‘లెగసీ’. గుంటూరులో బీఎస్సీ చదివిన నేను నా కూతురికి ఎక్కడి లెగసీ తేను? డ్రాప్ చేసినందుకు కాదు నా కోపం. రంగు చూసి తీసేశారా, బట్టలు చూసి తీసేశారా, మాట నచ్చక తీసేశారా అని ఆ పిల్ల ఏడాదంతా తనలో తను వెతుక్కుంది.

లైన్ నంబర్ 4
అందుకే కదా పిన్నీ మన దేశీ సంస్థలు పుట్టింది. డెల్టా ఎప్సిలాన్ సై 1998లో టెక్సస్‌లో, ఆస్టిన్‌లోనే మొదలైంది, అదే ఏడాది అక్కడే అమ్మాయిలకి కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా. నేను అలాంటి దేశీ ఫ్రాట్‌లోనే (ఫ్రాటర్నిటీ, అబ్బాయిల సంఘం) చేరా. గుమ్మం పాటలు, డ్రెస్ కోడ్ రౌండ్లు ఏమీ ఉండవు. ఇన్ఫో సెషన్, కలిసి తినడం, ఆడటం, ఒక ఇంటర్వ్యూ, నచ్చితే బిడ్. తర్వాత కొన్ని వారాల ‘ప్రాసెస్’, మనతోపాటు చేరినవాళ్లందరూ కలిపి ఒక ‘లైన్’, పూర్తయితే ‘క్రాస్’ అయ్యామంటారు. ఆ రోజు ప్రొబేట్ చేస్తాం, అంటే క్యాంపస్ మధ్యలో స్టెప్పులేస్తూ కొత్తవాళ్లని పరిచయం చేయడం. ఆ పద్ధతి నల్లజాతి సంస్థల నుంచి వచ్చింది, వాటిలో మొదటిది 1906లో కార్నెల్‌లో పుట్టిన ఆల్ఫా ఫై ఆల్ఫా. కమలా హారిస్ హోవార్డ్ యూనివర్సిటీలో చేరిన ఏకేఏ (ఆల్ఫా కప్పా ఆల్ఫా) సొరోరిటీ కూడా అలాంటిదే. అంకుల్, టెక్సస్‌లోనే చదివిస్తే మీ అమ్మాయికి ఈ దారి ఉండేది.

కూకట్‌పల్లి టు కొలంబస్
తమ్ముడూ, ఆ ‘కొన్ని వారాల ప్రాసెస్’ దగ్గర గబగబా దాటేశావేం? తెల్లవాళ్ల ఫ్రాట్‌లలోనే పిల్లలు చచ్చిపోతారనుకుంటున్నావా? 2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీ కుర్రాడిని పెన్సిల్వేనియాలో పోకోనో కొండలకి తీసుకెళ్లి, కళ్లకి గంతలు కట్టి, వీపుకి ఇసుక మూట తగిలించి, గడ్డకట్టిన నేల మీద మళ్లీ మళ్లీ పడదోశారు. చనిపోయాడు. అది పై డెల్టా సై, ఏషియన్ ఫ్రాటర్నిటీ. 2018లో కోర్టు దాన్ని పదేళ్లు ఆ రాష్ట్రంలో లేకుండా చేసింది. ఇక్కడ హేజింగ్ అనేదాన్నే హైదరాబాద్‌లో ర్యాగింగ్ అంటాం, 1997లోనే దానిమీద చట్టం చేసుకున్నాం. ఇక్కడ దేశం మొత్తానికి చట్టం రావడానికి 2024 డిసెంబరు దాకా ఆగాల్సొచ్చింది.

లైన్ నంబర్ 4
చట్టం చేశాక మన దగ్గర ఆగిపోయిందా అన్నా? మా లైన్‌లో ఎవరూ ఎవరిమీదా చెయ్యి వేయలేదు. నిద్ర మాత్రం సరిగ్గా పోనివ్వలేదు, ఆ సెమిస్టర్ గ్రేడ్లు పడిపోయాయి. అది హేజింగే అని ఇప్పుడంటారు, అప్పుడు మాకు గర్వంగానే ఉండేది. నేను దాన్ని సమర్థించట్లేదు. కానీ నా పెళ్లిలో పక్కన నిలబడింది వాళ్లే, దాన్నేం చేయమంటావ్?

ఫ్రిస్కో నాన్న
ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. రెండు ప్రశ్నలు. ఖర్చు ఎంత? రెండోది, ప్రెఫ్ తర్వాత ఏదో కాగితం మీద సంతకం అంటోంది, అదేంటి?

మాజీ రో గామా
ఖర్చు ఇంటినిబట్టి మారుతుంది అంకుల్, అలబామాలాంటి చోట సెమిస్టర్‌కి కొన్ని వేల డాలర్లు అనుకోండి, ఆ ఇంట్లోనే ఉంటే ఇంకా ఎక్కువ. కొత్త సభ్యుల ఫీజు, భోజనం, టీషర్టులు విడివిడిగా అడగండి. సంతకం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కాగితంలో తను రాసిన ఇంటి నుంచి బిడ్ వచ్చి, దాన్ని వద్దంటే, అదే క్యాంపస్‌లో ప్యాన్‌హెలెనిక్ (సొరోరిటీల ఉమ్మడి మండలి) కింద ఉన్న ఇంకే సొరోరిటీలోనూ మళ్లీ ఏడాది రష్ దాకా చేరడానికి లేదు. అందుకని చేరాలని లేని ఇంటి పేరు రాయకూడదు. అలాగని ఒక్క ఇంటి పేరే రాస్తే, అది రాకపోతే చేతిలో ఏమీ ఉండకపోవచ్చు.

కూకట్‌పల్లి టు కొలంబస్
ఇంకొకటి కూడా చూడండి. ఆ 2024 చట్టం ప్రకారం ఏ సంస్థ హేజింగ్ చేసి దొరికిందో యూనివర్సిటీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఏడాదికి రెండుసార్లు అప్‌డేట్ చేయాలి. డ్రెస్సుల ఎక్సెల్ పక్కన ఆ పేజీ కూడా తెరిచి పెట్టుకోమనండి వదినగారిని.

ఫ్రిస్కో నాన్న
చూపించాను. ‘అది ఎక్కువగా అబ్బాయిల ఫ్రాట్‌ల గురించే కదా’ అంటోంది వాళ్లమ్మ. ఫీజుల కాగితం తెచ్చాక మాట్లాడదామన్నా. ఈలోపు ఇద్దరూ చెప్పులు కొనడానికి వెళ్లారు.