పెన్నా గండ్లలో శిలాజాలు ఉన్నాయా? సోమశిల, గండికోట, కంభం యాత్రకు సలహా కావాలి

ఆత్మకూరు మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. సంక్రాంతి సెలవుల్లో మిత్రులతో కలిసి నదులు కొండలను చీల్చుకుని బయటపడే చోట్లను, అంటే పెన్నా మీద సోమశిలను, గండికోటను, వీలైతే గుండ్లకమ్మ మీద కంభాన్ని చూడాలని అనుకుంటున్నాం. కోటలూ గుళ్లూ ఇదివరకే చూశాం కాబట్టి ఈసారి మా ఆసక్తి అంతా రాతి పొరల మీద, వాటి వయసు మీద, వాటిలో దాగిన శిలాజాల మీదే ఉంది. యాత్రా వీడియోలలో గండికోటను అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తూ, ఆ గోడలలో పురాతన జంతువుల అవశేషాలు కూడా ఉన్నాయని కొందరు చెబుతున్నారు. ఇది ఎంతవరకు నిజం? ఏ పొరను ఎక్కడ చూడాలో, ఏ నెలలో వెళితే మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

పలకరాయి, మార్కాపురం:

మాస్టారు గారూ, ఆ పోలిక కంటికి కనిపించే దృశ్యం వరకే సరిపోతుంది, శిలాజాల విషయంలో అది మనలను పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. గ్రాండ్ కాన్యన్ అంచున, అన్నిటికంటే పైన ఉన్న కైబాబ్ సున్నపురాయి వయసు సుమారు 27 కోట్ల సంవత్సరాలు. అప్పటికి సముద్రాలు గుల్లలున్న జీవులతో నిండి ఉన్నాయి కనుక అక్కడి రాళ్లలో వాటి ఆనవాళ్లు దొరుకుతాయి. గండికోట దగ్గర పెన్నా కోసిన రాయి కడప అవక్షేప క్షేత్రానికి (ఒకనాడు నీటి అడుగున ఇసుక, బురద పొరలుగా పేరుకున్న ప్రాంతానికి) చెందిన క్వార్ట్‌జైట్, అంటే ఒకనాటి ఇసుక గట్టిపడి రాయిగా మారినది. ఈ క్వార్ట్‌జైట్ పొరలు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినవి. గుల్లలూ పెంకులూ ఉన్న జంతువులు భూమి మీద విరివిగా కనిపించడం మొదలైంది సుమారు 54 కోట్ల సంవత్సరాల క్రితమే. కాబట్టి గండికోట గోడలో ఎముక గానీ, గవ్వ గానీ దొరికే అవకాశమే లేదు.

అలాగని ఈ క్షేత్రంలో జీవపు జాడ లేదనుకోకండి. గండికోట క్వార్ట్‌జైట్ కంటే కింద, అంటే దానికంటే ముందు ఏర్పడిన వేంపల్లె, తాడిపత్రి పొరలలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. లోతు తక్కువైన సముద్రంలో సూర్యరశ్మి మీద ఆధారపడి బతికిన సూక్ష్మజీవులు, ముఖ్యంగా సయనోబాక్టీరియా, అడుగున జిగురు పొరలా పరచుకునేవి. నీటిలో తేలివచ్చిన సన్నని మన్ను వాటికి అంటుకునేది, సున్నం పేరుకునేది, వెలుతురు కోసం ఆ జీవులు మళ్లీ దాని పైకి పాకేవి. అలా పొర మీద పొర పెరిగి రాయిగా మారిన నిర్మాణమే స్ట్రోమటోలైటు. రాయి అడ్డంగా విరిగిన చోట, బోర్లించిన గిన్నెలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు సన్నని వంపు గీతలు కనిపిస్తాయి. కడప జిల్లాలో వేంపల్లె, పులివెందుల వైపు సున్నపురాయిని పోలిన బూడిదరంగు డోలమైట్ రాయి బయటపడిన చోట్ల వీటిని వెతకాలి.

వయసు ఎలా తెలిసిందని పిల్లలు తప్పక అడుగుతారు. తాడిపత్రి పొరలలోకి కరిగిన శిలాద్రవం చొరబడి, పలకల్లా గడ్డకట్టింది. పులివెందుల దగ్గర అలాంటి శిల వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలని లెక్కతేలింది. చొరబడిన దానికంటే, చోటిచ్చిన పొర పాతదై ఉండాలి కదా. మా ఊరి పలకలు కూడా ఈ క్షేత్రంలోని బురదే. సముద్రపు అడుగున పేరుకుని, ఆ తరువాత కొండలు పుట్టేటప్పుడు నొక్కుకుపోయి పలకగా మారిన ఆ మన్ను మీదనే మనలో చాలామంది ఓనమాలు దిద్దారన్న మాట.

వెలిగొండ నీడ, ఉదయగిరి:

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను కానీ, శిలాజాలు లేవన్న కారణంతో సోమశిలను పక్కన పెట్టవద్దని కోరుతున్నాను. గండికోటను, సోమశిలను ఒకే యాత్రలో చూడటంలోనే అసలు ప్రయోజనం ఉంది. గండికోటలో పొరలు దాదాపు సమతలంగా ఉంటాయి. గట్టి క్వార్ట్‌జైట్‌లో నిలువు పగుళ్లు, దాని మధ్య మధ్య మెత్తని షేల్ (బురద గట్టిపడిన రాయి) పొరలు ఉన్నందున, కింద మెత్తనిది అరిగినప్పుడు పైనున్న గట్టి రాయి పగులు వెంట దిమ్మెలుగా విరిగిపడుతుంది. గోడ అంత నిటారుగా నిలవడానికి, అంచున రాళ్లు కోసి పేర్చినట్లు కనిపించడానికి అదే కారణం. వెలిగొండలలో అలా ఉండదు. అక్కడి పొరలు తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి మడతలు పడి, వాలిపోయి ఉంటాయి. ఒకే నది, ఒకే క్షేత్రపు రాళ్లు అయినా, పడమట ఒత్తిడి తగలని భాగాన్నీ తూర్పున నలిగిపోయిన భాగాన్నీ ఒక్క దారిలో పోల్చుకోవచ్చు.

సోమశిల దగ్గర గండిలో ఇప్పుడు సుమారు 78 టీఎంసీల జలాశయం ఉన్నందున నది ఒడ్డున నిలబడి పొరలు చూడటం కష్టం. నా అభిప్రాయంలో, ఆత్మకూరు నుంచి బద్వేలు వెళ్లే రహదారి వెలిగొండలను దాటే చోట, దారి కోసం తొలిచిన రాతి అంచులను చూడటం మేలు. వాహనాలు వేగంగా వస్తాయి కనుక మలుపులలో బండి ఆపకండి.

ఇక నదిలోకి దిగే విషయం. పైన వాన పడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు వస్తుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఒడ్డున ఉన్న ఊళ్లు కొట్టుకుపోయిన సంగతి మనకు తెలిసిందే, ఆ చెయ్యేరు కలిసేది పెన్నాలోనే.

ఒంగోలు పాత విద్యార్థి:

గండ్లలో ఎముకలు దొరకవన్నది నిజమే. అంతమాత్రాన మన వైపు ఆకు, గవ్వ శిలాజాలే లేవని మాస్టారు గారు అనుకునే ప్రమాదం ఉంది కనుక ఇది రాస్తున్నాను. అవి ఉన్నది కొండలలో కాదు, ఒంగోలు పరిసరాలలోని చదును నేలలో. బూదవాడ, వేమవరం, పావులూరు అనే ఊళ్ల పేర్లతోనే మూడు శిలాపొరలను భూగర్భ శాస్త్రంలో వ్యవహరిస్తారు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1870లలో ఈ తీరాన్ని పరిశీలించి దీని గురించి వివరంగా రాశారు. వేమవరం షేల్‌లో టిలోఫిల్లమ్ వంటి పురాతన మొక్కల ఆకుల అచ్చులతో పాటు అమ్మొనైట్లనే సముద్రజీవుల గుల్లలు కూడా దొరికాయి. నేల మీది ఆకు, సముద్రపు గుల్ల ఒకే పొరలో ఉన్నాయంటే అది ఒకనాటి తీరమన్న మాట. డైనోసార్లు తిరిగిన కాలమే అది, కానీ వాటి ఎముకలకు పేరుపడినది మన తీరం కాదు, గోదావరి లోయ. అక్కడ యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు.

ముందే చెబుతున్నాను, వేమవరం వైపు కంటికి ఇంపైన దృశ్యమేమీ ఉండదు. పొలం గట్లు, బావి తవ్విన మట్టి కుప్పలు, అంతే. భూమి యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. చీమకుర్తి గనులను కూడా చూద్దామని ఎవరైనా అంటే అది వేరే ముచ్చట: ఆ నల్ల గెలాక్సీ రాయి శిలాద్రవం చల్లారి ఏర్పడినది, దానిలో శిలాజం ఉండదు.

ఆత్మకూరు మాస్టారు:

ఎంతో ఓపికగా వివరించినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. మరొక సందేహం. మా పాఠశాలలో ఒక బండ మీద నాచుమొక్క కొమ్మలా నల్లని బొమ్మ ఉంది. అది ఆకు శిలాజమేనని సహోపాధ్యాయులు గట్టిగా అంటున్నారు. ఎలా నిర్ధారించుకోవాలి?

పలకరాయి, మార్కాపురం:

మీరు వర్ణించినదాన్ని బట్టి అది డెండ్రైటు కావచ్చు. రాతి పగులులోకి చొచ్చిన నీరు వదిలిన మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కొమ్మలుగా వ్యాపించిన గుర్తు అది, జీవంతో దానికి సంబంధం లేదు. భూతద్దంతో చూడండి. ఆకైతే నడి ఈనె, దాని నుంచి ఒక క్రమంలో చీలిన పక్క ఈనెలు కనిపిస్తాయి. డెండ్రైటులో ఈనె ఉండదు, పగులు అంచున మొదలై ఇష్టం వచ్చినట్లు చీలుతూ పోతుంది. అలాగే క్వార్ట్‌జైట్ మీద కనిపించే అలల గీతలను కూడా శిలాజాలుగా రాసుకోవద్దు. అవి ఇసుక మీద నీరు కదిలిన గుర్తులు. విలువైనవే, కానీ జీవానివి కావు.

కంభంలో గండి కనిపించదని నిరాశపడకండి. గుండ్లకమ్మ రెండు కొండల సందులోంచి బయటపడే చోటనే కొన్ని శతాబ్దాల క్రితం కట్ట వేసి చెరువును నిలిపారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నడుస్తూ రెండు వైపుల కొండల పొరలు ఎటు వాలాయో చూసి రాసుకుంటే చాలు.

వెలిగొండ నీడ, ఉదయగిరి:

నెల గురించి ఎవరూ చెప్పలేదు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరు దాటి డిసెంబరు దాకా సాగుతాయి కనుక జనవరి రెండో వారం తరువాత బయలుదేరడం మంచిది. నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరవచ్చు. గండికోటలో సాయంత్రపు ఏటవాలు వెలుతురులో పొరల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, మధ్యాహ్నం గోడ మొత్తం ఒకే రంగులో ఉంటుంది. అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి కాబట్టి పిల్లలను తీసుకువెళితే పెద్దవారు వెంట ఉండాలి. సుత్తి తీసుకువెళ్లకండి. స్ట్రోమటోలైటు కనిపిస్తే పక్కన పెన్ను గానీ స్కేలు గానీ పెట్టి ఫోటో తీసి, చోటు గుర్తు రాసుకుని అక్కడే వదిలేయండి.