పెరటి తొట్టిలో కలువలు మొగ్గ తొడగడం లేదు

ప్రశ్న (ఒంగోలు): మా పెరట్లో రెండడుగుల లోతున కట్టించిన తొట్టిలో నాటిన కలువ దుంపలు ఆకులు బాగానే వేస్తున్నాయి గానీ, ఏడు నెలలైనా ఒక్క మొగ్గ కూడా తొడగలేదు. మధ్యాహ్నం నుండి తొట్టిపై వేపచెట్టు నీడ పడుతుంది. దయచేసి కారణం తెలుపగలరు.

జవాబు (కావలి): నీడే కారణమని నా అభిప్రాయమండి. కలువకు రోజుకు సుమారు 6 గంటల నేరుటెండ కావాలి. అది లేనిచోట ఎంత ఎరువు వేసినా ఆకులే పెరుగుతాయి. వెడల్పాటి బేసిన్లలో చెరువు బంకమట్టి నింపి, దుంప మొలక మాత్రం మట్టిపైకి కనిపించేలా నాటి, పైన గులకరాళ్లు పరిచి, ఎండ తగిలే వైపుకు మార్చండి.

జవాబు (నెల్లూరు): పచ్చి పేడ మాత్రం వేయవద్దు, నీరు పచ్చబడి కంపు కొడుతుంది. దోమపిల్లలను గప్పీ చేపలు తినేస్తాయి.

ప్రశ్న అడిగినవారు: వేప కొమ్మలు నరికించడానికి మనసొప్పడం లేదు కనుక, దుంపలనే ఎండలోకి మారుస్తాను. ధన్యవాదాలండి.