చలి స్టార్ట్‌లో ఎయిర్ పంపు ఆగిపోయింది, కోడ్ పి0411: ఒక్క పంపు మారిస్తే సరిపోతుందా?

రాయగడ పెట్రోల్:
బండి 2006 మోడల్, 1.8 టర్బో పెట్రోలు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే బంపర్ పక్క నుంచి మిక్సీ తిరిగినట్టు చప్పుడొచ్చి, నిమిషం దాటాక ఆగేది. కొన్నాళ్లు ఆ చప్పుడు గీరుకున్నట్టు మారి, తర్వాత పూర్తిగా పోయింది. వెంటనే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పి0411, అంటే ఎగ్జాస్ట్‌లోకి పంపు గాలి సరిగా వెళ్లట్లేదని. పికప్ బాగానే ఉంది, మైలేజీ తగ్గలేదు. ఇక్కడి మెకానిక్ పంపు పీకేసి, రేకు ముక్కతో దారి మూసేద్దామంటున్నారు. కొత్త పంపు రేటు వింటే గుండె జారింది. ఆర్సీ రెన్యువల్ దగ్గరకొచ్చింది, పొల్యూషన్‌లో ఫెయిలవుతుందా? జయపురం ఘాట్ ఎక్కిస్తే ఇంజిన్‌కు ఏమైనా అవుతుందా?

పర్లాకిమిడి స్పానర్:
పంపు ఆర్డర్ పెట్టకండి, ముందు వాల్వు చూడండి. అసలు దొంగ చాలాసార్లు అక్కడే ఉంటాడు.

చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ పడుతుంది, అందులో కొంత కాలకుండానే ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఈ పంపు అక్కడికి బయటి గాలి తోస్తే ఆ మిగులు కాలి, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ తొందరగా వేడెక్కుతుంది. పంపుకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య ఉండేదే కాంబి వాల్వు. పంపు ఆగాక అది గట్టిగా మూసుకోవాలి. మూసుకోకపోతే పొగ వెనక్కి తన్ని గొట్టంలోకి వస్తుంది. పొగలో నీటి ఆవిరి బాగా ఉంటుంది, చల్లబడితే ఆ నీరు పంపు అడుగున చేరి బేరింగ్ తుప్పు పడుతుంది. మీరు విన్న గీరుడు చప్పుడు అదే అయ్యుంటుంది. వాల్వు వదిలేసి పంపు ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది.

పంపు నుంచి వాల్వుకు వెళ్లే లావు గొట్టాన్ని వాల్వు దగ్గర ఊడదీయండి. లోపల మసి గానీ ఎర్ర నీళ్లు గానీ ఉంటే వాల్వు కారుతున్నట్టే. తర్వాత ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆ వాల్వు మూతి దగ్గర చెయ్యి పెట్టండి (ఆనించొద్దు, కాలుతుంది). బుస్సుమని పొగ కొడితే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

మీ వాల్వుకు సన్నటి వాక్యూమ్ గొట్టం ఉంటే, ఇంజిన్ చల్లారాక ఆ గొట్టం ఊడదీసి వాక్యూమ్ పంపుతో లాగి చూడండి. అది లేకపోతే పశువుల మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి చాలు. లాగి పట్టినంతసేపు వాల్వు తెరుచుకుని ఉండాలి, వదిలితే మూసుకోవాలి. పట్టు నిలవకపోతే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరిగింది. ఇన్నేళ్ల బండిలో ఆ సన్న గొట్టాలు వేలితో నలిపితే పొడి అయిపోతాయి. మీటరు కొత్త గొట్టం కొని అన్నీ మార్చేయండి, ఖర్చు పెద్దగా కాదు.

రాయగడ పెట్రోల్:
గొట్టంలోంచి చెంచాడు ఎర్ర నీళ్లు కారాయండి. పెద్ద ఫ్యూజు కూడా పోయింది.

జయపురం వైరింగ్:
అయితే పంపు బిగుసుకుపోయింది. ఆ ఫ్యూజు స్థానంలో అంతకన్నా పెద్దది పెట్టనివ్వకండి, తీగ కాలుతుంది. ఫ్యూజు బాక్సు మూత మీద ఎంత రాసుంటే అంతే, ఈ బండ్లలో సాధారణంగా 40 లేదా 50 ఆంపియర్లు.

పంపు బయటికి తీసి బ్యాటరీ నుంచి ఫ్యూజున్న లావు తీగతో కరెంటివ్వండి. డీసీ చూపే క్లాంప్ మీటర్ తగిలిస్తే మంచి పంపు సుమారు 20 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది. 40 దాటితే బేరింగ్ పట్టేసిందని. నిమిషానికి మించి తిప్పకండి, ఎక్కువసేపు నడవడానికి చేసిన మోటారు కాదది.

రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్చు) కూడా మార్చాల్సిందే. బిగుసుకున్న పంపు ఎక్కువ కరెంటు లాగినప్పుడు రిలే లోపలి పాయింట్లు అతుక్కుంటాయి. అప్పుడు తాళం తీసినా పంపు తిరుగుతూనే ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, కొత్త పంపు బూడిద. కొత్త రిలే పెట్టాక కనెక్టర్ దగ్గర ఓల్టేజీ చూడండి. మీటర్ ఒక్కటే పెడితే తుప్పు పట్టిన తీగ కూడా 12 చూపిస్తుంది, అందుకే 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించి చూడాలి. బల్బు మసకగా వెలిగితే ఎర్తు తీగ గీకి శుభ్రం చేయండి.

బరంపురం గ్యాస్కెట్:
పొల్యూషన్ సంగతి. 2006 బండికి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్ 750 పీపీఎం దాటకూడదు. ఆ పరీక్ష వేడి ఇంజిన్ మీద చేస్తారు, ఆ సమయానికి ఈ పంపు పని ముగిసుంటుంది. కాబట్టి పంపు చచ్చినంత మాత్రాన ఫెయిల్ కాదు. ఘాట్ ఎక్కడానికీ అడ్డం రాదు. కానీ లైటు ఎప్పుడూ వెలిగే ఉంటే రేపు మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా కాలకపోవడం) వచ్చినా మీకు తెలియదు, అది కన్వర్టర్‌ను కరిగించేస్తుంది. అందుకే రేకు ముక్క వద్దంటాను. రేకు కొట్టినా ఈసీయూకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) గాలి అందినట్టు కనిపించదు. పంపు తిరిగేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసేది అదే, పి0411 మళ్లీ వస్తుంది. పైగా చట్టం ఒప్పుకోదు.

డబ్బు కుదరకపోతే వైజాగ్‌లో పాత సామాన్లలో పంపు తీసుకోవచ్చు, నోట్లో మసి లేనిది, చేత్తో తిప్పితే గరగరలాడనిది చూసుకోండి. వాల్వు మాత్రం పాతది కొనకండి, కొత్తదే వెయ్యండి. గ్యాస్కెట్ కూడా కొత్తది. బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లే, బలం చూపిస్తే అల్యూమినియంలో మర తెగుతుంది. వాల్వు తీసినప్పుడు లోపలి కన్నంలో కార్బన్ పేరుకుందేమో టార్చి వేసి చూడండి. అది మూసుకుపోయుంటే అన్నీ కొత్తవేసినా అదే కోడ్.

జయపురం వైరింగ్:
ఒక్కటి మర్చిపోయాను. కోడ్ చెరిపేసి లైటు రాలేదని నమ్మకండి. ఎండాకాలంలో కూలెంట్ ముందే వేడిగా ఉంటే చాలా బండ్లలో ఈ పంపు పూర్తిసేపు తిరగదు, పరీక్షే జరగదు. కోరాపుట్ చలికి వెళ్లిన పొద్దున మళ్లీ వెలుగుతుంది. రాత్రంతా ఆపిన బండి మీద చూడండి, లేదా స్కానర్‌లో అవుట్‌పుట్ టెస్ట్‌తో పంపును తిప్పించండి.