ప్రెస్ కౌన్సిల్‌కి జరిమానా వేసే అధికారం ఇవ్వాలా?

కోస్తాడెస్క్: పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ కోరలు తీసిన పాము. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ కింద హెచ్చరిక, మందలింపు, అభిశంసన. అంతకుమించి ఏమీ లేదు. టీవీ దాని పరిధిలోకే రాదు. చట్టం సవరించి జరిమానా పెట్టాల్సిందే అంటాను.

సెక్షన్‌పదిహేను: పెట్టేముందు ఆ జరిమానా ఎవరి చేతికి ఇస్తున్నారో చూడండి. చైర్మన్ కాక 28 మంది సభ్యులు, అందులో ఐదుగురు ఎంపీలు. ఖర్చుకి కేంద్రం గ్రాంటే ముఖ్యాధారం. పైగా 1966లో పెట్టిన మొదటి కౌన్సిల్‌ని ఎమర్జెన్సీలో ఎత్తేశారు. మళ్లీ వచ్చింది 1979లోనే.

చిన్నతెర: టీవీలో జరిమానా ఉంది కదా, ఏం ఒరిగింది? వార్తా చానెళ్ల సంఘం తనే పెట్టుకున్న ఫిర్యాదుల సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏ వేసే జరిమానాకి 2023 నాటికి లక్ష రూపాయలే పరిమితి. అది ఏ లెక్కలోకీ రాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అంది. 2009లో లక్ష పడేసరికి ఇండియా టీవీ ఏకంగా ఆ చానెళ్ల సంఘం నుంచే తప్పుకుంది, తర్వాత తిరిగొచ్చిందనుకోండి. ఇష్టమైతేనే సభ్యత్వం అన్నచోట జరిమానా పెంచితే గుమ్మం దాటేవాళ్లే పెరుగుతారు.

కోస్తాడెస్క్: అందుకేగా చట్టం కావాలంటున్నది! తమవాళ్ల తప్పు తామే తేలుస్తామంటే ఏమవుతుందో పెయిడ్ న్యూస్‌లో, అంటే డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేసిన వ్యవహారంలో చూశాం. 2009 ఎన్నికల వార్తల మీద కౌన్సిల్ ఉపసంఘంగా మన కె. శ్రీనివాసరెడ్డి, పరంజయ్ గుహ ఠాకుర్తా 71 పేజీల నివేదిక ఇచ్చారు, పత్రికల పేర్లతో సహా. కౌన్సిల్ 2010లో పొట్టి నివేదికతో సరిపెట్టింది. పూర్తిది బయట పెట్టడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది.

ఫిర్యాదుపెట్టె: అసలు ఫిర్యాదులు అక్కడిదాకా వెళ్తే కదా. ముందు సంపాదకుడికి రాసి, ఆ నకలూ, జవాబొస్తే జవాబూ జతచేయాలి. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోపు పంపాలి. కత్తిరింపుతో పాటు తెలుగు వార్తకి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. ఏ కోర్టులోనూ కేసు లేదని ధ్రువీకరణ కూడా. చాలామంది కోపంలో ముందే పరువునష్టం దావా వేస్తారు. కోర్టులో ఉన్నదాన్ని కౌన్సిల్ ముట్టుకోదు.

ఇంకోటి. మొదటి పేజీలో ఐదు కాలమ్‌ల వార్త, పదో పేజీలో ప్రకటనల కింద రెండు వాక్యాల ‘సవరణ’. ఏ వార్త గురించో కూడా రాయరు. మనిషికి కావాల్సింది డబ్బు కాదు, ఆ చోటు.

సెక్షన్‌పదిహేను: ఆ అధికారం ఇప్పటికే ఉందండీ! 14(2) చదవండి. విచారణ వివరాల్ని తాను తగుననుకున్న రీతిలో అచ్చువేయమని పత్రికని కౌన్సిల్ ఆదేశించవచ్చు. ‘రీతి’ అంటే పేజీ, కొలత కూడా అనే నా వాదన. వేయకపోతే ఏం చేయాలో మాత్రం చట్టంలో లేదు. సవరిస్తే అక్కడ సవరించండి.

కోస్తాడెస్క్: వేయని పత్రికకి ప్రభుత్వ ప్రకటనలు ఆపేద్దామా?

సెక్షన్‌పదిహేను: కుళాయి మళ్లీ ప్రభుత్వం చేతికేనా? మొండికేసిన పత్రిక మీద కౌన్సిలే హైకోర్టుకి వెళ్లేలా రాస్తే ఒప్పుకుంటాను.