టెస్ట్ సూట్‌లో మస్ట్‌లన్నీ పాసైతే ఎల్‌డీపీ సర్వర్ ప్రమాణానికి లోబడినట్టేనా?

గోదారిగట్టు:
పాత పుస్తకాల కేటలాగ్‌ని లింక్డ్ డేటాగా (ఒకదానికొకటి లింకులున్న, యంత్రాలు చదవగలిగే డేటాగా) పెట్టడానికి మా ఆఫీసులో సర్వర్ వెతుకుతున్నాం. 2015 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖరారు చేసిన లింక్డ్ డేటా ప్లాట్‌ఫామ్ (ఎల్‌డీపీ) 1.0కి లోబడి ఉండాలన్నది షరతు. ఒక సర్వర్ మీద ఎల్‌డీపీ టెస్ట్ సూట్ నడిపాను. మస్ట్‌లన్నీ (తప్పనిసరి నియమాలు) పచ్చ, అంటే పాస్; షుడ్‌లలో (పాటించడం మంచిదనే నియమాలు) కొన్ని ఎరుపు. "పూర్తిగా లోబడి ఉంది" అని రిపోర్టు రాసేస్తున్నా. ఎవరికైనా అభ్యంతరమా?

చిక్కుముడి:
ఎర్రవి ఏవేవి? ఇఫ్-మ్యాచ్ (రికార్డు మధ్యలో మారకపోతేనే సేవ్ చెయ్యమనే హెడర్) ఉందా వాటిలో?

గోదారిగట్టు:
ఉందండీ. ఇఫ్-మ్యాచ్ లేకుండా పుట్ (రికార్డుని సేవ్ చేసే రిక్వెస్టు) పంపినా 204, అంటే సరే, ఇచ్చేస్తోంది. కానీ అది షుడ్డే కదా.

సర్వర్‌సుబ్బయ్య:
రాసెయ్యండి సార్. ఇ-ట్యాగ్ (రికార్డు వెర్షన్ గుర్తు) ఇవ్వడం మస్ట్, ఇస్తోంది. పాత ఇ-ట్యాగ్ పంపితే 412 (వెర్షన్ కలవలేదు) చెప్పడం మస్ట్, చెబుతోంది. ఇఫ్-మ్యాచ్ తప్పనిసరి చెయ్యడం మాత్రం షుడ్. సరైన కారణం ఉంటే షుడ్‌ని పక్కన పెట్టొచ్చని మస్ట్, షుడ్‌ల అర్థం చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 2119లో 1997 నుంచీ ఉంది.

చిక్కుముడి:
పర్యవసానాలన్నీ తూచి చూసుకున్నాకే పక్కన పెట్టమని కూడా ఆ వాక్యంలోనే ఉంది, సుబ్బయ్య గారూ. ఎవరు తూచారు? ఒకే రికార్డుని ఇద్దరు తెరుస్తారు. ఒకావిడ రచయిత పుట్టిన సంవత్సరం దిద్ది సేవ్ చేస్తుంది. పది నిమిషాలకి రెండో ఆయన, తన దగ్గరున్న పాత కాపీలో శీర్షిక దిద్ది పుట్ కొడతాడు. 204. ఆవిడ దిద్దిన సంవత్సరం గల్లంతు, ఎర్రర్ కూడా రాదు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట నెలల తరబడి చేసిన దిద్దుబాట్లు ఇలాగే పోయాయి. తిట్లు పడింది కేటలాగర్లకి. అమ్మినాయన చూపించిన షీట్ మాత్రం నిండా పచ్చే.

బుజ్జి_404:
పచ్చ అంటే పచ్చే 👍

సర్వర్‌సుబ్బయ్య:
మేడమ్, మీ పాత ఆఫీసు బాధ వేరు, ప్రమాణం వేరు. ఇఫ్-మ్యాచ్ పంపమని క్లయింట్లకి కూడా అదే పత్రం చెబుతోంది, అదీ షుడ్డే. మీ క్లయింట్ రాసినవాళ్లని అడిగారా?

చిక్కుముడి:
క్లయింట్ మర్చిపోతే 428 (ఇఫ్-మ్యాచ్ కావాలి) ఇచ్చి ఆపమనే కదా ఆ షుడ్ పెట్టింది?

వలసపక్షి:
జేసన్-ఎల్‌డీ ఫార్మాట్‌లో డేటా వస్తోందా? టర్టిల్ ఫార్మాట్‌తో పాటు అదీ మస్టే.

నిజాంపేట_నాని:
అన్నా, మా కథ ఇను. సర్వర్‌ను ఒక్కదాన్నే పెట్టి టెస్ట్ చేస్తే అన్నీ పాస్. లైవ్‌ల ముందర ఎంజినెక్స్ ప్రాక్సీ (మధ్యల నిలబడే సర్వర్) పెట్టినం. ఎవరో జీజిప్ (డేటాను కుదించేది) ఆన్ చేసి, జీజిప్ టైప్స్‌ల టెక్స్ట్/టర్టిల్ కూడా కలిపిండు. అప్పటిసంది ఇ-ట్యాగ్ ముందల డబ్ల్యూ/ వచ్చి కూసుంది, అంటే వీక్ (బైట్లు అచ్చం ఒకటేనని హామీ ఇయ్యనిది). ఇఫ్-మ్యాచ్‌కు స్ట్రాంగ్ పోలికే చెయ్యాలె, వీక్‌ది ఎన్నడూ కలువదు. ఏది సేవ్ చేసినా 412. మావోళ్లేం చేసిన్రో తెలుసా? క్లయింట్‌ల ఇఫ్-మ్యాచ్ లైనే తీసేసిన్రు. సర్వర్ 428 అనలే, అన్నీ సేవ్ అయినయ్. ఒకరిది ఒకరు చెరుపుకుంటున్నరని శానా రోజులకు ఎరుకైంది.

సర్వర్‌సుబ్బయ్య:
ఇందులో సర్వర్ తప్పేముంది? ఎంజినెక్స్‌ది కూడా లేదు. కుదించాక బైట్లు మారతాయి, పాత స్ట్రాంగ్ ఇ-ట్యాగ్ అలాగే ఉంచితే అదే తప్పు. 1.7.3 నుంచీ వీక్‌గా మారుస్తోంది, పద్ధతి ప్రకారమే.

చిక్కుముడి:
బాగుంది. అందరూ పద్ధతి ప్రకారమే, రికార్డు మాత్రం పోయింది! సర్వర్లు రాసేవాళ్లకి ఇది భలే సుఖం.

సర్వర్‌సుబ్బయ్య:
అవును, రాసేవాణ్ణే. జీతం లేకుండా, ఆదివారాలు కూర్చుని. ఎవడో ముందు ప్రాక్సీ పెట్టి, టెస్ట్ నడిపి, మా ప్రాజెక్టు పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టి పోతాడు. "మీది ప్రమాణం పాటించదటగా" అని ఊళ్లోవాళ్లంతా అడుగుతారు. ఆ ఎరుపు మాది కాదని ఎన్ని చోట్ల రాసుకుంటూ కూర్చోవాలి? మీరు మార్కులు వేస్తోంది దేనికి: నా కోడ్‌కా, మీ ఇన్‌స్టలేషన్‌కా?

చిక్కుముడి:
ఈ మాట ముందే అడగాల్సింది. మీ కోడ్‌కి కాదు, మా రికార్డు యూఆర్‌ఎల్‌కి. చదివేవాళ్లకీ దిద్దేవాళ్లకీ తగిలేది అదే. డబ్ల్యూ3సీ అప్పట్లో ఇంప్లిమెంటేషన్ రిపోర్టులు తీసుకుంది స్పెసిఫికేషన్‌ని అమలు చెయ్యడం సాధ్యమేనని చూపించడానికి. ఎర్ల్ అనే ఫార్మాట్‌లో టెస్ట్ ఫలితాలు పంపింది చాలావరకు సర్వర్ రాసినవాళ్లే. అది తప్పని అనను, కానీ దాన్ని కొనేవాడికి పూచీపత్రంలా చూపిస్తే ఊరుకోను.

సర్వర్‌సుబ్బయ్య:
అలాగైతే రిపోర్టులో సాఫ్ట్‌వేర్ పేరే రాయకండి.

చిక్కుముడి:
పేరూ రాస్తాం, వెర్షనూ రాస్తాం, ముందున్న ప్రాక్సీ సెట్టింగులూ రాస్తాం. 428 ఇవ్వలేదని కూడా రాస్తాం. అది మాత్రం అచ్చంగా మీ కోడ్‌దే.

గోదారిగట్టు:
ఇప్పుడే బయటి యూఆర్‌ఎల్ మీద హెడ్ (హెడర్లు మాత్రమే అడిగే రిక్వెస్టు) కొట్టి చూశా. మాకూ డబ్ల్యూ/ వస్తోంది. నెట్‌వర్క్ టీముని అడిగితే "జీజిప్ తీస్తే సైట్ నెమ్మదిస్తుంది, కుదరదు" అంటున్నారు. రిపోర్టు ఆపాను.

నిజాంపేట_నాని:
అంతా తీయమంటలేం అన్నా. టెక్స్ట్/టర్టిల్, ఎల్‌డీ జేసన్ రెండూ ఆ లిస్టుల నుంచి తీస్తే చాలు. హెచ్‌టీఎంఎల్‌కు ఉండనీ.

సర్వర్‌సుబ్బయ్య:
428 కోసం ఇష్యూ తెరిచాను. ఆప్షన్‌గా పెడతాం, డిఫాల్ట్‌గా కాదు.

చిక్కుముడి:
డిఫాల్ట్ ఎందుకు కాదో ఆ ఇష్యూలోనే రాయండి. అక్కడికే వస్తున్నా.