గొంజాగా లేని డబ్ల్యూసీసీకి మార్చిలో రెండో బెర్తు దొరుకుతుందా?

శాంటాక్లారా_శీను: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మన వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ (డబ్ల్యూసీసీ) నుంచి బీవైయూ టీము 2023లోనే బిగ్-12 కాన్ఫరెన్స్‌కి పోయింది. 2026 జూలై 1తో గొంజాగా కూడా పాక్-12కి. బదులుగా 2025లో సియాటిల్, 2026లో డెన్వర్, 2027లో యూసీ శాన్ డియేగో. ఈ లెక్కన మనకి మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ జాతీయ టోర్నీలో కాన్ఫరెన్స్ ఛాంపియన్‌కి దక్కే బెర్తు ఒక్కటేనా? 2022లో మూడు వచ్చాయి కదా.

క్వాడ్_లెక్కలు: పోయింది ఒక్క టీమే అనుకుంటే పొరపాటండీ. సొంత కోర్టులో నెట్ (ఎన్‌సీఏఏ టీములకిచ్చే ర్యాంకింగ్) ర్యాంకు 30 లోపు, తటస్థ వేదికపై 50 లోపు, ఎదుటివాళ్ల కోర్టులో 75 లోపు టీముతో ఆడితేనే క్వాడ్-1, అంటే అన్నిటికన్నా విలువైన తరగతి ఆట. గొంజాగాతో ఆటంటే మిగతావాళ్లకి ఇంట్లో కూచున్నా దొరికే క్వాడ్-1. 2025లో సెయింట్ మేరీస్ రెగ్యులర్ సీజన్‌లో గొంజాగాను రెండుసార్లూ ఓడించి 7వ సీడ్ తెచ్చుకుంది. ఇక ఆ సరుకు బయట వెతుక్కోవాలి. పైగా నెట్‌లో 160 దాటిన టీము మన కోర్టుకొస్తే అది అట్టడుగు తరగతి, క్వాడ్-4: గెలిస్తే ఎవరూ పట్టించుకోరు, ఓడితే బెర్తులు పంచే సెలెక్షన్ కమిటీ మర్చిపోదు.

లెక్కల_మాస్టారు: డబ్బు మాత్రం వెంటనే ఎండిపోదు. ఎన్‌సీఏఏ టోర్నీలో ఆడిన ప్రతి ఆటకీ, ఫైనల్ మినహా, ఒక యూనిట్, అంటే టోర్నీ సొమ్ములో ఒక వాటా. ఒక్కో యూనిట్‌కి ఆరేళ్లపాటు వాయిదాల్లో, మొత్తం సుమారు 20 లక్షల డాలర్లు. అది టీముకి కాదు, ఆ టీము అప్పుడున్న కాన్ఫరెన్స్‌కి జమ. 2025లో గొంజాగా, సెయింట్ మేరీస్ చెరి రెండు ఆటలు ఆడాయి కాబట్టి ఆ నాలుగు యూనిట్లూ 2031 దాకా వస్తాయి. అసలు కటకట ఆ తర్వాతే. ఈలోగా మంచి ఆటగాళ్లను ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు స్కూలు మారే దారి) లాక్కుపోకుండా ఆపడానికే సగం ఖర్చవుతుంది.

శాంటాక్లారా_శీను: మరి చేయగలిగింది ఏముంది మాస్టారూ?

క్వాడ్_లెక్కలు: మాస్టారి బదులు నేను చెప్తా. పై టీముల సంగతి అటుంచి, ముందు అడుగునున్నవాళ్ల నవంబరు, డిసెంబరు షెడ్యూలు బాగుపడాలి. గ్యారంటీ సొమ్ము (వచ్చి ఆడినందుకు పెద్ద స్కూళ్లిచ్చే డబ్బు) కోసం వాళ్ల కోర్టుల్లో వరసగా చిత్తుగా ఓడితే ఈ అడుగు టీముల నెట్ ర్యాంకు 250 దాటుతుంది, జనవరి నుంచి ఆ బరువు అందరూ మోయాలి. నెట్‌లో పొసెషన్‌కి (బంతి చేతికొచ్చిన ఒక్కో విడతకి) ఎన్ని పాయింట్లన్నది లెక్క, కాబట్టి 40 తేడాతో ఓడటం, 8 తేడాతో ఓడటం ఒకటి కాదు. రెండోది, పది టీములుంటే ఇంటా బయటా కలిపి 18 ఆటలు. యూసీ శాన్ డియేగో వచ్చాక అదే పద్ధతైతే 20. అలా పెంచకుండా 18 దగ్గరే ఆపి, తగ్గించే ఆటలు పై మూడు, కింది మూడు టీముల మధ్యవి అయ్యేలా చూడాలి.

లెక్కల_మాస్టారు: లాస్ వేగాస్‌లో జరిగే మన కాన్ఫరెన్స్ టోర్నీలో మొదటి రెండు సీడ్లను నేరుగా సెమీస్‌కి పంపే నిచ్చెన పద్ధతిని కూడా వదలకూడదు. పై టీములకి అక్కడ క్వాడ్-4 ఓటమి గండం తప్పుతుంది. నా అంచనా: చాలా ఏళ్లు ఒక్క బెర్తే, సెయింట్ మేరీస్‌కి తోడు శాంటా క్లారానో శాన్ ఫ్రాన్సిస్కోనో డిసెంబరులో రెండు క్వాడ్-1లు కొట్టిన ఏడు రెండు.